గుడ్లకు ఆఫీసు వేళలు

కాకినాడలో కోస్తా వాణిజ్య భవనాల సంస్థ వారికి గౌతమీ కాంప్లెక్సు అని ఒక మూడంతస్తుల భవనం ఉంది. దానికి సోమసుందరం సూపరింటెండెంటు. కింద దుకాణాలు, సంస్థ వారి మీటింగు హాలు. పైన ఒక పళ్ల డాక్టరు, ఇద్దరు ఆడిటర్లు, ఒక టైలరు. ఆ పైన సోమసుందరం ఆఫీసు. ఆ భవనం కట్టినవాడెవడో గాని వెలుతురు విలువ తెలిసినవాడు. సముద్రపు గాలి వచ్చే దిక్కుకు నిలువెత్తు కిటికీలు పెట్టాడు. పగటిపూట లైటుతో పనిలేదు. ఎవరైనా మరిచిపోయి వేసినా సోమసుందరం ఊరుకునేవాడు కాదు. ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఆయనకు పంటి కింద రాయి పడ్డట్టుండేది. పెళ్లిళ్లకు వెళ్తే బంతి లేచిన హాల్లో ఫ్యాన్లన్నీ ఆపి మరీ వస్తాడని బంధువుల్లో పేరు. తాళి కట్టే వేళ పెళ్లిపందిట్లో ఫ్యాను ఆపేశాడని కూడా అంటారు గాని, అది గిట్టనివాళ్లు పుట్టించిన మాట.

ఆ ఏడాది సంస్థ ఎండీ గారు విదేశాలకు అధ్యయన యాత్ర వెళ్లారు. అక్కడ హోటలు కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఒక ఆఫీసు భవనం దీపావళిలా వెలిగిపోతూ కనిపించింది. లోపల నరమానవుడు లేడు. ఆ దృశ్యం ఎండీ గారిని కలచివేసింది. ఆ కలత తీరకముందే తిరిగివచ్చి సర్క్యులరు జారీ చేశారు. సంస్థ భవనాలన్నిటిలో సాయంత్రం ఆరు తర్వాత కాలే కరెంటు, పగలు కాలిన కరెంటులో పదో వంతు మించరాదు. మించిన భవనంలో అందుకు బాధ్యులైన అద్దెదారును నెల తిరిగేసరికి ఖాళీ చేయించాలి. మించనిచ్చిన సూపరింటెండెంటు మీద తగు చర్య ఉంటుంది.

ఇన్నేళ్ల ఉద్యోగంలో సోమసుందరానికి హెడ్డాఫీసు కాగితం చదివి కళ్లు చెమర్చడం అదే మొదలు. ఎవరో తన మనసులో దూరి రాసినట్టుంది. ఆ కాగితాన్ని గోడకు అంటించి, వెళ్తూ వస్తూ దానివంక ఆప్యాయంగా చూసుకునేవాడు.

అలా చూసుకుంటున్న రోజుల్లోనే విద్యాధర్ దిగాడు. హెడ్డాఫీసులో ఆయన హోదా పనివేళల అనంతర విద్యుత్ వినియోగ నియంత్రణాధికారి. పలకడానికి అంత ఊపిరి చాలక అందరూ నియంత్రణ గారు అంటారు.

"సోమసుందరం గారూ, చింతిస్తున్నాను," అన్నాడు విద్యాధర్, కూర్చోకుండానే. "సంస్థ భవనాలన్నిటిలోకీ మీది అట్టడుగు స్థానంలో ఉన్నట్లు గమనించడమైనది. మీ పనివేళల అనంతర వినియోగం దాదాపు పగటి వినియోగంతో సమానంగా ఉంది."

సోమసుందరం నిర్ఘాంతపోయాడు. "ఆరు కొట్టేసరికి నేనే దగ్గరుండి అన్నీ ఆపిస్తానండి. మెట్ల మీద ఒక్క చిన్న బల్బు వెలుగుతుంది, వాచ్‌మన్ జారి పడకుండా."

"బల్బు సంగతి నేను మాట్లాడడం లేదు. తీగ వెంబడి వెళ్దాం రండి."

తీగ వెంబడి వెళ్తే కింది అంతస్తులో వెనకవైపున్న నూకరత్నం కొట్టు వచ్చింది.

నూకరత్నానిది గుడ్లు పొదిగించే కొట్టు. గది చిన్నదే. గోడకు ఆనించి బీరువాలంత పెట్టెలు మూడుంటాయి. వాటిలో వరసగా పళ్లేలు, పళ్లేల్లో గుడ్లు. లోపల వేడి, గాలి, తడి అన్నీ కరెంటే చూసుకుంటుంది. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు నాటుకోడి గుడ్లు తట్టల్లో తెచ్చి అప్పజెబుతారు, మూడు వారాల తర్వాత వచ్చి కిచకిచలాడే పిల్లల్ని పట్టుకుపోతారు. మొగుడు పోయాక ఆ పెట్టెల మీదే ఇద్దరు ఆడపిల్లల్ని చదివించింది నూకరత్నం. గుడ్లలోంచి కోడిపిల్లలు దిగే రోజున సోమసుందరం ఏదో పని కల్పించుకుని అటు వెళ్లేవాడు. గుడ్డు పెంకు మీద మొదటి బీట పడడం చూస్తే ఆయనకు ఆ రోజంతా హాయిగా ఉండేది.

విద్యాధర్ పెట్టె అద్దంలోంచి లోపలికి తొంగి చూశాడు.

"ఇవి సాయంత్రం ఆరు తర్వాత కూడా నడుస్తాయా?"

"నడవకపోతే చచ్చిపోతాయండి," అంది నూకరత్నం.

"ఏవి, యంత్రాలా?"

"లోపలున్న పిల్లలండి."

విద్యాధర్ తల పంకించాడు. కేసు జటిలమైనదని ఆయనకు అర్థమైంది. "చూడమ్మా, సంస్థ మీ వృత్తికి వ్యతిరేకం కాదు. కానీ పొదుగుటను పనివేళలకు పరిమితం చేసే అవకాశాన్ని మీరు పరిశీలించారా? ఉదయం పది నుంచి సాయంత్రం అయిదున్నర వరకు. అవసరాన్ని బట్టి రెండో శనివారం కూడా అనుమతించవచ్చు."

నూకరత్నం ఆయన మొహంలోకి చూసింది, వేళాకోళమాడుతున్నాడేమోనని. ఆడడం లేదు.

"కోడి కూడా మజ్జిలో లెగుస్తాదండి, గింజలు తిందామని. అంతేగాని ఆరింటికి ఇంటికెళ్లిపోదండి."

"కోడి మా సంస్థ అద్దెదారు కాదు," అన్నాడు విద్యాధర్. సోమసుందరం వైపు తిరిగాడు. "నెలాఖరుకు నిష్పత్తి అదుపులోకి రాని పక్షంలో ఖాళీ చేయించండి. మీ సంజాయిషీ కూడా సిద్ధం చేసుకోండి."

ఆయన కారెక్కి వెళ్లిపోయాక నూకరత్నం పెట్టె అద్దాన్ని పైటతో తుడిచింది. తర్వాత నెమ్మదిగా అంది. "సూపర్నెంటు గారూ, ఇవి కరప ఊరి ఆడోళ్ల గుడ్లండి. సంఘం పెట్టుకుని, తింటే తరిగిపోద్దని నోరు కట్టుకుని దాసిన గుడ్లు. ఇప్పుడు పెట్టెలు కదిపేవంటే ఒక్కటీ మిగల్దండి. ఆళ్లకి నేనేం మొకం సూపించను?"

సోమసుందరం ధైర్యవంతుడు కాడు. పై అధికారి తుమ్మితే తాను చిరంజీవ అనే రకం. ఏదో ఒకటి చూద్దాంలేమ్మా అనేసి పైకి వచ్చేశాడు గాని, గోడ మీది సర్క్యులరు వంక చూడబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం భోజనానికి కూర్చున్నా ముద్ద దిగలేదు. భార్య సుభాషిణి గమనించి, "ఏం, పులుసు పుల్లగా ఉందా?" అంది.

ఆయన దాని రుచే చూడలేదు. చూసి, "పుల్లగానే ఉంది," అన్నాడు.

"చింతపండు ఎక్కువ పడినట్టుంది. పిసికాక ఇంక బయటికి తియ్యలేం కదండీ. ఉండండి, కాసిని నీళ్లు పోసి మరగబెట్టి తెస్తాను. పులుపు అదే తగ్గుతుంది."

సుభాషిణి గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. సోమసుందరం ముద్ద చేత్తో అలాగే పట్టుకుని ఉండిపోయాడు. పగలు కాలిన కరెంటులో పదో వంతు. పులుపు తియ్యక్కర్లేదు. నీళ్లు పొయ్యాలి.

మర్నాడు ఆఫీసు తెరవగానే హెడ్డాఫీసుకు ఫోను చేశాడు. "అయ్యా, ఒక చిన్న సందేహం. పగటి వాడకం కొంచెం పెరిగితే అభ్యంతరమేమైనా ఉంటుందాండి?"

"పగటి వాడకం మా విభాగం పరిధిలోకి రాదు," అన్నాడు విద్యాధర్. "దానికి వేరే విభాగం ప్రతిపాదన దశలో ఉంది. అది ఏర్పడే వరకు పగటి వాడకం గురించి ఎవరూ ఏమీ అనడానికి వీల్లేదు."

సోమసుందరం ఫోను పెట్టేసి స్విచ్చి బోర్డు దగ్గరకు నడిచాడు. కిటికీలోంచి ఎండ నేల మీద తెల్లగా పరుచుకుని ఉంది. పూజ చేసిన చేత్తో జీవహింస చేయబోతున్నవాడిలా కళ్లు మూసుకుని, తన ఆఫీసు హాల్లోని లైట్లన్నీ వేసేశాడు. ఎండలో అవి వెలుగుతున్నాయో లేదో కూడా తెలియలేదు. దగ్గరికెళ్లి చెయ్యి పెట్టి చూడవలసి వచ్చింది.

లైట్లతో పని తెమలలేదు. ఫ్యాన్లు పెట్టించాడు, అవీ చాలలేదు. పెట్టెలు మూడూ రాత్రంతా తాగుతున్నదానికి పదింతలు పగలు తాగించాలంటే మాటలు కాదు. పాడైందని ఏళ్లుగా ఆపేసిన లిఫ్టును బాగు చేయించి, వాచ్‌మన్ అప్పలకొండను అందులో పెట్టి పొద్దస్తమానం కిందికీ పైకీ తిప్పించాడు. రెండో రోజుకే అప్పలకొండకు నేల మీద నడుస్తున్నా కళ్లు తిరగడం మొదలైంది. టైలరు కుట్టిన బట్టలే కాక, ఊళ్లోవాళ్ల బట్టలు కూడా తెప్పించి ఇస్త్రీ పెట్టెలు కాల్చాడు. అయినా నిష్పత్తి అంగుళం కదిలి ఆగింది.

అప్పుడు సుభాషిణే, ఇంట్లో గ్రైండరు పాడైందని, పప్పు రుబ్బించుకు రమ్మని గిన్నె చేతికిచ్చింది. సోమసుందరానికి దారి కనిపించింది.

ఆవకాయల కాలం. ఊళ్లో ప్రతి ఇంట్లోనూ కారం కొట్టాలి, ఆవాలు పొడి చెయ్యాలి. మూడో అంతస్తు హాల్లో బల్లలు గోడకు జరిపి, అద్దెకు దొరికిన గ్రైండర్లు, మరలు అన్నీ దించి, పగటివేళ ఎవరైనా వచ్చి ఉచితంగా పిండి, కారం పట్టించుకోవచ్చని గేటుకు బోర్డు కట్టించాడు. ఊరు ఊరంతా కదిలి వచ్చింది. మెట్ల మీద తట్టలు, గిన్నెలు, పిల్లల్ని చంకనేసుకున్న ఆడవాళ్లు. ఇడ్లీ పిండి ఒకపక్క, మిరపకాయలు ఒకపక్క. భవనమంతా తుమ్ములు. ఆడిటర్లు ముక్కుకు తువ్వాళ్లు కట్టుకుని లెక్కలు చూసుకున్నారు. పళ్ల డాక్టరు పట్టకారు నోట్లో పెట్టేసరికి పేషెంటు తుమ్మేవాడు, పేషెంటు ఆపుకుంటే డాక్టరు తుమ్మేవాడు. అలా ఒకాయనకు పుచ్చిన పన్ను బదులు పక్క పన్ను ఊడొచ్చింది.

నూకరత్నం మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడి ఆ సంబరమంతా చూసింది.

"ఏంటండి ఇదంతా? పట్టపగలు ఇన్ని లైట్లేంటండి?"

"నీ గుడ్ల కోసమేనమ్మా."

"నా గుడ్లకి సీకటే ఇష్టమండి."

సోమసుందరం నిష్పత్తి సంగతి వివరించాడు. నూకరత్నం బుగ్గన చెయ్యి పెట్టుకుని వింది. అంతా విని, "అంటే నేను కాసింత కాలుస్తున్నానని, మీరు కుండల కొద్దీ కాలుస్తున్నారాండి?" అంది.

"నెలాఖరు దాకా ఓపిక పట్టు. నాకు మాత్రం ఇది సంతోషమా?"

సంతోషం కాదని ఆయన మొహమే చెబుతోంది. ఆ నెల్లో మనిషి చిక్కి సగమయ్యాడు. ఇంటికెళ్లి తన గదిలో ఫ్యాను వేసుకోవడం కూడా మానేశాడు, చేసిన పాపంలో కొంతైనా పోతుందని.

నెలాఖరుకు నిష్పత్తి పదో వంతు లోపలికి వచ్చింది. ఆ వారమే గుడ్లు చిట్లాయి. కరప ఆడవాళ్లు వచ్చి పిల్లల్ని తట్టలకెత్తుకుని, సోమసుందరానికి ఒక సొరకాయ ఇచ్చి వెళ్లారు. ఆయన గ్రైండర్లు వెనక్కి పంపేసి, లైట్లన్నీ ఆపేసి, నిశ్శబ్దంగా ఉన్న హాల్లో కుర్చీ వేసుకుని, ఆ పూటంతా ఏ పనీ చేయకుండా కూర్చున్నాడు. అంత సుఖం ఆయన ఎరగడు.

మర్నాడు విద్యాధర్ పూలదండతో దిగాడు.

"అట్టడుగు స్థానం నుంచి ప్రథమ స్థానం, సోమసుందరం గారూ. ఎండీ గారు బోర్డు సమావేశంలో మీ పేరు రెండుసార్లు ఉచ్చరించారు. ఈ విధానానికి గౌతమీ నమూనా అని నామకరణం చేయడమైనది."

సోమసుందరానికి మెడలో దండ పాములా తగిలింది. ఉన్నమాట చెప్పేయడమే మంచిదనుకున్నాడు. "అయ్యా, మీతో దాచడమెందుకు. మొత్తం కలిపి చూస్తే కరెంటు తగ్గలేదండి. బాగా పెరిగింది."

"మొత్తం ఎవరు అడిగారండీ?" విద్యాధర్ ఆశ్చర్యంగా చూశాడు. "మన లక్ష్యం నిష్పత్తి. మొత్తం అనేది వేరే భావన."

"పోనీ, ఇంక ఆపేయమంటారా?"

"ఆపడమా? వచ్చే నెల నుంచి లక్ష్యం ఇరవయ్యో వంతు. నమూనాయే వెనకబడితే మిగతావాళ్లు దేన్ని అనుసరించాలి?" అని, వెళ్తూ వెళ్తూ నూకరత్నం కొట్టు వైపు వేలు చూపించాడు. "ఆవిడను మాత్రం ఖాళీ చేయించకండి. నియంత్రించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా."

గౌతమీ నమూనా కోస్తా అంతా పాకింది. ఇతర భవనాల సూపరింటెండెంట్లు వ్యాన్లలో వచ్చి గ్రైండర్ల చుట్టూ ప్రదక్షిణం చేసి, నోట్సు రాసుకుని వెళ్లారు. ఎవరి తెలివి వారిది. ఒక ఊళ్లో మెట్ల కింద ఐసు తయారుచేసే యంత్రం పెట్టి, పక్కనే దాన్ని కరిగించడానికి హీటరు పెట్టారు. కరిగిన నీళ్లు మళ్లీ ఐసు యంత్రంలోకే వెళ్లేవి, వృథా అన్నది ఉండకూడదని. ఇంకో ఊళ్లో డాబా మీద ఎండబెట్టిన వడియాల మీదికి పెద్ద దీపాలు పెట్టారు. వీటన్నిటినీ తట్టుకుని మొదటి స్థానం నిలబెట్టుకోవడం సోమసుందరం బాధ్యత అయింది. గ్రైండర్లు మళ్లీ వచ్చాయి, మునుపటికి రెట్టింపు.

రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండల్లో, ఎండీ గారు స్వయంగా వచ్చి గౌతమీ కాంప్లెక్సుకు సన్మానం చేయాలని నిర్ణయించారు. సభ మధ్యాహ్నం. కింది మీటింగు హాలుకు ఉన్న కిటికీలన్నీ విద్యాధర్ ఆజ్ఞ మేరకు పలకలు కొట్టి మూసేశారు, వెలుతురు లోపలికి వస్తే లైట్లు వేయడానికి కారణం ఉండదని. అద్దె ఏసీలు నాలుగు మూలలా బిగించారు. వేదిక వెనక గోడంతా రంగు బల్బులు. ఊరి పెద్దలు, మిగతా భవనాల సూపరింటెండెంట్లు, పిండి పట్టించుకోవడానికి వచ్చి అక్కడే ఉండిపోయిన ఆడవాళ్లు, అంతా కలిసి హాలు కిక్కిరిసింది.

పక్క కొట్లో నూకరత్నం ఆ సంగతేదీ పట్టించుకునే స్థితిలో లేదు. కరప వాళ్ల రెండో విడత గుడ్లు ఆ పూటే చిట్లుతున్నాయి.

ఎండీ గారు మైకు ముందుకు వచ్చారు. "మిత్రులారా, విదేశంలో నేను ఒక కిటికీ దగ్గర నిలబడ్డాను," అని మొదలుపెట్టారు. ఆ కిటికీ గురించి విని ఉన్నవాళ్లంతా సర్దుకుని కూర్చున్నారు. "ఆనాడు నాలో ఒక ప్రశ్న ఉదయించింది. మనిషి చీకటిని ఎందుకు ప్రేమించలేకపోతున్నాడు?"

ఆ ప్రశ్నకు జవాబుగా బయట వీధిలో పెద్ద చప్పుడైంది. ట్రాన్స్‌ఫార్మరు పేలిపోయింది. లైట్లు, ఏసీలు, మైకు, రంగు బల్బులు, పై అంతస్తుల్లో గ్రైండర్లు, ఒక్కసారిగా అన్నీ ఆగిపోయాయి. లిఫ్టు మధ్యలో అప్పలకొండ ఆగిపోయాడు. అంత మోత తర్వాత వచ్చిన ఆ నిశ్శబ్దంలో అతనొక్కడే, లోపలినుంచి, "అమ్మయ్య," అనడం వినిపించింది.

కరెంటాఫీసు మనిషి తలుపు దగ్గరకు వచ్చి, వేరేది తెచ్చి బిగించేసరికి సాయంత్రం అవుతుందని చెప్పి వెళ్లాడు. గాలి ఆడని హాలు నిమిషాల మీద పొయ్యిలా తయారైంది. జనం లేచి నిలబడ్డారు. ఎండీ గారి చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆయన కారు సిద్ధం చేయించమని విద్యాధర్‌కు సైగ చేశారు.

అప్పుడే నూకరత్నం పరుగున లోపలికి వచ్చింది. తిన్నగా సోమసుందరం దగ్గరకు వెళ్లింది.

"పెట్టెలాగిపోయేయండి. లోపలుంచితే ఊపిరాడదండి. బయటికి తీద్దావంటే నా గదిలోకి సముద్రపు గాలి, సల్లారిపోతాయి. సగం గుడ్లకి బీటలు పడ్డాయండి, బయటికి రాబోతున్నాయి." మాట ఆగిపోయింది. హాలు మధ్యలో నిలబడి గాల్లోకి చెయ్యి చాపింది, పెట్టెలో వేడి చూసినట్టే చూసింది. "ఇక్కడ సరిగ్గా ఉందండి. సెమటకి తడి కూడా సరిపోయింది. ఈ హాలు అచ్చం పెట్టెలాగుందండి. ఈళ్లు ఎల్లిపోయి తలుపులు బార్లా తీసేరంటే మాత్తరం ఏమీ ఉండదు."

సోమసుందరం హాలు వంక చూశాడు. ముందు వరసలో లేచి నిలబడ్డ అధికారులు, వేదిక మీద ఎండీ గారు. సోమసుందరం తలుపు దగ్గరకు వెళ్లి, మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఎవరూ వెళ్లకండి," అన్నాడు. "సార్, మీరు కూడా కూర్చోండి."

"సోమసుందరం గారూ, మీరెవరితో మాట్లాడుతున్నారో గమనిస్తున్నారా?" అన్నాడు విద్యాధర్.

"గమనిస్తున్నానండి. మీరు ఆ రెండో కుర్చీలో కూర్చుంటే ఒక పళ్లెం ఇస్తాను."

పిండి గిన్నెల ఆడవాళ్లు అప్పటికే పక్క కొట్లోకి వెళ్లి పళ్లేలు మోసుకొస్తున్నారు. వాళ్లకు మాత్రం సోమసుందరం తలుపు ఓరగా తీసి దారిస్తున్నాడు. కుర్చీ కుర్చీకి ఒక పళ్లెం ఒళ్లోకి వచ్చింది. సన్మానానికి తెచ్చిన శాలువాలు విప్పి నూకరత్నం ఒక్కొక్క పళ్లెం మీదా కప్పింది. "కదపకండి బాబూ. దగ్గరగా అట్టిపెట్టుకోండి. గట్టిగా మాత్తరం ఊపిరి వదలకండి." వేదిక దిగి వచ్చిన ఎండీ గారి ఒళ్లో అన్నిటికంటే పెద్ద పళ్లెం పెట్టింది. ఆయన కాదనేలోపే అది ఒళ్లో ఉంది. ఒళ్లో పళ్లెం ఉన్న మనిషి లేవలేడు.

"ఇది ఎంతసేపు?" అన్నారు ఎండీ గారు.

"అయ్యి ఎప్పుడొస్తే అప్పుడేనండి."

హాలు అలా కూర్చుంది. చెమటలు ధారలు కట్టాయి. ఎండీ గారు కాసేపు ప్రసంగం కొనసాగించబోయారు గాని, మాట్లాడితే పళ్లెం కదులుతోందని పక్కనున్న ముసలావిడ కసిరింది. ఆయన ఊరుకున్నారు. సర్వీసులో ఆయన అంతసేపు మాట్లాడకుండా కూర్చున్న సభ అదొక్కటే.

చాలాసేపటికి ఆయన శాలువా కింద ఏదో గీరిన చప్పుడైంది. ఆయన బెదిరిపోయి కిందికి చూశారు. శాలువా అంచు కొంచెం పైకి లేచింది. తడిసి ముద్దయిన బూడిదరంగు పిల్ల ఒకటి పెంకును నెట్టుకుని, బొక్కబోర్లా పడి, మళ్లీ తల ఎత్తింది.

"ఇది," అన్నారు ఎండీ గారు చాలా చిన్న గొంతుతో, "ఇది చలికి వణుకుతోందా?"

"లేదండి. ఆయాసం. ఇప్పుడే కదండి వచ్చింది," అంది నూకరత్నం.

ఎండీ గారు చెయ్యి తీసి దాని పక్కన ఆనించి పెట్టారు. పిల్ల ఆ చేతికి జరిగి పడుకుంది. ఆయన ఇంక ఆ చెయ్యి కదపలేదు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న సోమసుందరానికి ఎందుకో ఆ క్షణం ఆయన మీద కోపమంతా పోయింది.

సాయంత్రానికి కరెంటు వచ్చేసరికి హాలంతా కిచకిచలు. పోయినవి ఏవో కొన్ని. మిగతావన్నీ దిగాయి. లిఫ్టులోంచి బయటపడ్డ అప్పలకొండ, చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయానని చెప్పాడు.

కరెంటాఫీసు వారు మర్నాడే ఒక మాట తేల్చేశారు. పట్టపగలు మళ్లీ అంత వాడితే కనెక్షనే పీకేస్తామన్నారు. సోమసుందరం ఎగిరి గంతేయలేదు గాని, అంత పని చేశాడు. గ్రైండర్లు పోయాయి. కిటికీల పలకలు ఊడాయి. ఎండ మళ్లీ నేల మీద పరుచుకుంది.

నిష్పత్తి మాత్రం మళ్లీ మొదటికొచ్చింది. విద్యాధర్ దానికీ మార్గం కనిపెట్టాడు. ఆయన నివేదిక ఇలా ఉంది: సభా దినమున విద్యుత్ సరఫరా లేకుండానే, కేవలం ఉన్నతాధికారుల సాన్నిధ్యమున గుడ్లు పొదగబడినట్లు ప్రత్యక్షంగా గమనించడమైనది. కావున పొదుగుటకు విద్యుత్ అవసరమనే వాదన నిరాధారము. సదరు అద్దెదారు కొట్టుకు సాయంత్రం ఆరు నుంచి సరఫరా నిలిపివేయవచ్చును.

ఈసారి సోమసుందరం ఊరుకోలేదు. ఒకసారి తలుపుకు అడ్డం నిలబడ్డ మనిషికి కాగితం రాయడం కష్టమనిపించలేదు. సాయంత్రం ఆరు తర్వాత పెట్టెలు ఆపితే పిల్లలు చస్తాయని, కాబట్టి తాను ఆపనని, తన మీద తీసుకోదలచిన చర్య తీసుకోవచ్చని రాసి పంపాడు. పంపాక సుభాషిణికి చెప్పాడు. ఆవిడ, "మంచిపని చేశారు. ఉద్యోగం పోతే పోయింది, ఆ ఫ్యాను వేసుకుని పడుకోండి," అంది.

వారం తర్వాత హెడ్డాఫీసు నుంచి జవాబు వచ్చింది. అది చదివి సోమసుందరం మళ్లీ చదివాడు. తర్వాత మెట్లు దిగి నూకరత్నం కొట్టుకు వెళ్లాడు. ఆవిడ కొత్త గుడ్లు పళ్లేల్లో సర్దుతోంది.

"ఏమన్నారండి? ఆపెయ్యమన్నారా?"

"లేదు. భిన్నాభిప్రాయాలు వచ్చాయి కాబట్టి శాస్త్రీయంగా తేల్చాలట. బోర్డు సభ్యులందరూ హెడ్డాఫీసులో ఒక గది మూసుకుని, తామే స్వయంగా గుడ్లు పొదిగి చూస్తారట. ఎండీ గారు ముందు పేరు ఇచ్చారు. ఆ ప్రయోగం ముగిసేదాకా నీ పెట్టెల జోలికి రావద్దని ఆర్డరు."

నూకరత్నం చేతిలో గుడ్డు అలాగే ఉండిపోయింది. "అందరూ కూకుంటారాండి?"

"అందరూనూ. ఆ పని తెమిలేదాకా సర్క్యులర్లు కూడా ఉండవట. రాయడానికి చేతులు ఖాళీ ఉండవు కదా. గుడ్లు మాత్రం మనల్నే పంపమన్నారు."

నూకరత్నం సర్దుతున్న పళ్లెం పక్కన పెట్టి ఆలోచనలో పడింది.

"కోడిగుడ్లొద్దండి," అంది చివరికి. "మూడు వారాలకే లేచొచ్చేస్తారు. బాతుగుడ్లు పట్టుకెళ్లండి. ఇంకో వారం కదలకుండా కూకుంటారు."

సోమసుందరం సరేనని గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగాడు.

"రత్నమ్మా," అన్నాడు, "ఈము గుడ్లకు ఎన్నాళ్లు పడుతుంది?"